ఆషాఢంలో టోక్యో: కొన్ని రికార్డులు, కొన్ని పుస్తకాలు

జపాను భాషలో ‘త్సున్‌దోకు’ అని ఒక మాట ఉన్నది. పుస్తకాలు కొనుక్కొచ్చి, చదవకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టుకోవడమని దాని భావం. ‘పేర్చి ఉంచడం’ అనే క్రియారూపాన్నీ, ‘పఠనం’ అనే అర్థమిచ్చే శబ్దాన్నీ ధ్వనిసామ్యం ఆధారంగా అతికించి మెయిజీ కాలంలో ఎవరో చమత్కారి పుట్టించిన పదమట. ముప్పై మూడేళ్ళు పిల్లలకు శబ్దాలంకారాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. శ్లేష అంటే చెవి కోసుకుంటాను. 2023 జూన్‌లో మా అబ్బాయి దగ్గరకు టోక్యో వెళ్ళినప్పుడు, ‘అరిగతో’ తరువాత అక్కడ నేను నేర్చుకున్న రెండవ మాట ఇదే. నేర్పడానికి వాడికి పెద్ద శ్రమ కలగలేదు. గది గోడను వేలితో చూపించాడు, అంతే.

నిషి కసాయి అని టోక్యో నగరానికి తూర్పున మన దేశస్థులు ఎక్కువగా కాపురముండే పేట. అక్కడ వాళ్ళది రెండు గదుల వాటా. ఒక గదిలో గోడ పొడుగునా కొయ్య అరలు. పై వరుసలలో పుస్తకాలు, క్రింది వరుసలలో గ్రామఫోను రికార్డులు. ఎన్ని ఉంటాయిరా అంటే “ఆరు వందలు ఉంటాయి నాన్నగారూ” అన్నాడు. “ఆరు వందల నలభై, మామయ్యగారూ” అని వంటింట్లోనుంచి మా కోడలు సవరించింది. అన్నీ జాజ్ సంగీతమే.

మా చిన్నప్పుడు వీటిని ప్లేట్లనేవాళ్ళం. పెళ్ళి పందిట్లో మైకుసెట్టు కుర్రాడు ఈగలు ముసిరిన చేతులతోనే వాటిని తిప్పేవాడు. గీత పడినచోట పాట ముందుకు సాగక, గాయకుడు ఒకే ముక్కను పదిసార్లు అంటూ ఉంటే, ఎవరో ఒకరు వెళ్ళి పెట్టెను చిన్నగా తట్టేవారు. నాకు తెలిసిన రికార్డు సంస్కారం అంతవరకే. ఇక్కడ మా వాడు ఒక్కొక్క దానిని పసిబిడ్డను ఎత్తుకున్నట్లు రెండు అరచేతుల అంచులతో పట్టుకుంటాడు. నడి భాగాన వేలు తగలనివ్వడు. లోపల మెత్తని కాగితపు సంచి, దానిపై అట్ట, అట్టపై పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు. అట్టకు ఎడమ అంచున నిలువుగా ఒక కాగితపు పట్టీ చుట్టి ఉంటుంది. దానిని ‘ఓబి’ అంటారు. కిమోనో నడుముకు చుట్టే పట్టీకీ అదే పేరు. రికార్డు పేరు, వెల జపాను లిపిలో దానిమీదే అచ్చవుతాయి. విప్పగానే పారవేయదగిన కాగితం కదా, అది చెక్కుచెదరకుండా ఉన్న పాత రికార్డుకు వెల ఎక్కువట! మన ఇళ్ళలో పాఠ్యపుస్తకం అట్ట ఆగస్టు దాకా నిలిస్తే గొప్ప.

జూన్ మొదలుకొని జూలై నడిమి దాకా అక్కడ ‘త్సుయు’ అనే వర్షకాలం. మన ఆషాఢపు ముసురు వంటిదే కాని, గాలి ఆడదు. గోడలు, తలగడలు, అప్పడాల డబ్బా, అన్నీ చెమ్మగిల్లిపోతాయి. రికార్డుల అట్టలకు బూజు పట్టకుండా మా వాడు ఆ గదిలో తేమను పీల్చే యంత్రం ఒకటి రాత్రంతా నడిపేవాడు. తెల్లవారేసరికి దాని అడుగు తొట్టిలో చెంబుల కొద్దీ నీళ్ళు చేరేవి. ఉద్యోగానికి వెళ్ళేముందు వాడు చేసే మొదటి పని ఆ నీళ్ళు పారబోయడం. నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. చూసినప్పుడల్లా నాకొక పాత సంగతి గుర్తుకు వచ్చేది. అది తరువాత మనవి చేస్తాను.

వాడి వినికిడికి ఒక పద్ధతి ఉన్నది. రాత్రి భోజనమయ్యాక చరవాణిని పక్క గదిలో పెట్టి వస్తాడు. ఒక రికార్డు తీసి, మెత్తని కుంచెతో ధూళి తుడిచి, సూది దించుతాడు. ఒక ముఖం ఇరవై నిమిషాలు, ఆ పైన కొద్దిగా. అంతసేపూ మాట ఉండదు. ముఖం పూర్తయితే లేచి తిప్పి పెట్టవలసిందే. “ఫోనులో అన్నీ ఉచితంగా వస్తాయి కదరా” అంటే, “ఫోనులో ఐతే మధ్యలో మార్చేస్తాను నాన్నగారూ, ఇదైతే లేవాలి గనుక మార్చను” అన్నాడు. బద్ధకాన్ని ఇంత తెలివిగా వాడుకోవడం నేను వేరే ఎక్కడా చూడలేదు.

మొదటి వారం ఆ సంగీతం నాకు ఎక్కలేదు. ఎవరి దారిన వారు వాయిస్తున్నట్లున్నది. మా ఆవిడ ఐతే “పాట ఎప్పుడు మొదలవుతుంది?” అని అడిగి, మోకాళ్ళ నొప్పి నెపంతో లేచిపోయింది. ఒకనాడు మా వాడు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అనే రికార్డు పెట్టాడు. మైల్స్ డేవిస్ అనే బాకా విద్వాంసుడిది. 1959లో న్యూయార్కులో, మార్చిలో ఒకనాడు, ఏప్రిల్‌లో ఒకనాడు, మొత్తం రెండు పూటల కూర్పులో పూర్తి చేశారట. వాయించవలసినది పూర్తిగా రాసి ఇవ్వలేదట. ఫలానా మెట్లు, ఫలానా పట్టు అని స్థూలంగా చెప్పి, మిగతాది ఎవరి మనోధర్మానికి వారిని వదిలారట. అప్పటికి నాకు లంగరు దొరికింది. “ఒరేయ్, ఇది అవధానంరా!” అన్నాను. పృచ్ఛకుడు ఇచ్చిన సమస్య ఉంటుంది, ఛందస్సు ఉంటుంది, యతిప్రాసల కట్టడి ఉంటుంది. ఆ మూడింటి మధ్య మిగిలిన ఖాళీలో అవధాని అప్పటికప్పుడు ఎగరాలి. తిరుపతి వేంకట కవులు చేసింది అదే గదా! మా వాడు ఒక క్షణం ఆలోచించి, ఆ రికార్డులో పియానో వాయించిన బిల్ ఎవాన్స్, అట్ట వెనుక తాను రాసిన వ్యాసంలో జపాను చిత్రకళతో పోల్చాడని చెప్పాడు. పలుచని కాగితంపై నల్లసిరాతో వేసే ఆ చిత్రంలో కుంచె జంకితే కాగితం చెడుతుంది, చెరిపి దిద్దడం కుదరదు. అమెరికా సంగీతం గురించి చెప్పడానికి ఆయనకు జపాను ఉపమానం దొరికింది, నాకు చెళ్ళపిళ్ళవారు దొరికారు. ఎవరి పెరటి చెట్టు వారికి మందు.

ఇక మా వాడు ఈ దారి పట్టడానికి కారణం హరుకి మురకామి. ఆయన నవలలు లోకమంతా చదువుతున్నది గనుక పరిచయం అక్కరలేదు. నేను మాత్రం అప్పటిదాకా చదవలేదు. మా వాడి అరలోని ఆంగ్లానువాదాలు నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ మూడు నెలలలో నాలుగు చదివాను. నవలల కంటె ఆయన జీవితమే నన్ను ఎక్కువ పట్టుకున్నది. కారణం ఏమంటే, ఆయన తల్లిదండ్రులిద్దరూ బడిపంతుళ్ళు. అందునా జపాను భాషాసాహిత్యాలు చెప్పేవారు. మా భాషలో చెప్పాలంటే, ఇద్దరూ తెలుగు పండితులన్నమాట! ఇంట్లో పొద్దస్తమానం సాహిత్య ప్రసంగమే. ఆ పిల్లవాడికి విసుగెత్తి, తన భాషలోని సాహిత్యానికి దూరంగా జరిగి, పాశ్చాత్య నవలలలో తలదాచుకున్నాడు. కోబే రేవు పట్టణం కనుక విదేశీయులు చదివి వదిలేసిన ఇంగ్లీషు పుస్తకాలు పాత పుస్తకాల దుకాణాలలో చవకగా దొరికేవి. అవి కొని చదివేవాడు. 1964లో, తన పదిహేనవ యేట, పుట్టినరోజు కానుకగా వచ్చిన టిక్కెట్టుతో ఆర్ట్ బ్లేకీ బృందం కచేరీకి వెళ్ళి, అది మొదలు జాజ్‌కు దాసుడయ్యాడట. ఆ విద్వాంసుడు జపానులో మొదటిసారి కచేరీలు చేసినది 1961లో. ఆనాటి నుంచి ఆ దేశపు కుర్రకారుకు ఈ సంగీతపు వెర్రి బలంగా పట్టుకున్నదని చెబుతారు.

చదువు పూర్తి కాకముందే పెళ్ళి చేసుకుని, అప్పులు తెచ్చి, 1974లో కొకుబుంజిలో ‘పీటర్ క్యాట్’ అనే జాజ్ కాఫీకొట్టు తెరిచాడు. పీటర్ ఆయన పెంపుడు పిల్లి. పగలు కాఫీ, రాత్రి మద్యం, ఎప్పుడూ రికార్డులు. 1977లో దానిని సెందగాయకు మార్చాడు. వచ్చిన పదిమందిలో ఒక్కడికి బాగా నచ్చి మళ్ళీ వస్తే చాలు, కొట్టు నిలుస్తుందనేది ఆయన వ్యాపార సూత్రం. ఇది చదివి నేను నవ్వుకున్నాను. పదవ తరగతిలో నలభైమంది పిల్లలలో నలుగురు పద్యం కోసం కళ్ళెత్తి చూస్తే ఆ రోజు జీతం దక్కిందనుకునేవాణ్ణి. లెక్క ఒకటే.

1978 ఏప్రిల్‌లో ఒకనాడు జింగూ మైదానంలో బేస్‌బాల్ ఆట చూస్తూ ఉండగా, నవల రాయాలని తోచిందట. రాత్రి కొట్టు మూసి వచ్చాక వంటింటి బల్ల ముందు కూర్చుని రాశాడు. రాసినది తనకే రుచించలేదు. అప్పుడు ఒక విచిత్రమైన పని చేశాడు. మొదటి పుటలను తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో రాసి, వాటిని తిరిగి జపాను భాషలోకి తెచ్చుకున్నాడు. చేతిలో మాటలు తక్కువ కనుక వాక్యం చిన్నదయింది, దానికొక నడక వచ్చింది. ఆ నవలకే 1979లో ‘గుంజో’ పత్రిక కొత్త రచయితల బహుమతి వచ్చింది. రాతలో లయ, శ్రుతి, మనోధర్మం అన్నీ సంగీతం నుంచే నేర్చుకున్నానని ఆయన తరువాత రాసుకున్నాడు. ఈ ఘట్టం దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. “మాటలు చాలవురా, మాటలు పెంచు” అని వేలాది వ్యాసరచన కాగితాలపై ఎర్రసిరాతో రాసిన చెయ్యి నాది.

ఈ జాజ్ కాఫీకొట్ల సంగతి కొంచెం చెప్పాలి. జపాను వారు వీటిని ‘జాజ్ కిస్సా’ అంటారు. యోకొహామాలో ‘చిగుసా’ అనే కొట్టును యోషిదా మమోరు అనే ఆయన 1933లో తెరిచాడు. యుద్ధకాలంలో ఇది శత్రుదేశపు సంగీతమైంది. 1943లో సుమారు వేయి అమెరికా, ఇంగ్లండు పాటల పట్టిక ప్రకటించి వాటిని నిషేధించారు. 1945 మే నెల వైమానిక దాడిలో యోకొహామా తగులబడినప్పుడు చిగుసాలో కూడబెట్టిన వేల రికార్డులు బూడిదయ్యాయి. యుద్ధమయ్యాక ఆయన మళ్ళీ మొదటి నుంచి కూర్చాడు. అప్పట్లో దిగుమతి రికార్డు కొనడం చిరుద్యోగి వల్ల అయ్యే పని కాదు. కాఫీ వెల చెల్లిస్తే మంచి స్పీకర్ల ముందు గంటల తరబడి కూర్చోవచ్చును. సంగీతం నేర్చుకునేవారు కాగితం, కలం పట్టుకుని వచ్చి విని రాసుకునేవారు. తరువాతి కాలంలో ప్రపంచప్రసిద్ధి పొందిన పియానో విదుషి అకియోషి తొషికో చిగుసాలో అలా విన్నవారిలో ఒకరు. గురువు సముద్రాలకు ఆవల ఉన్నాడు, ప్లేటు మాత్రమే ఇక్కడ ఉన్నది. ఏకలవ్యుడికి మట్టిబొమ్మ ఎటువంటిదో వీళ్ళకు అది అటువంటిది.

కొన్ని కిస్సాలలో మాట్లాడకూడదనే నియమం ఉండేదని పుస్తకాలలో చదివాను. ఇప్పుడు అంత కఠినం లేదు కాని, మా వాడు తీసుకువెళ్ళిన నేలమాళిగ కొట్టులో ఆ మర్యాద కొంత మిగిలి ఉన్నది. మనిషెత్తు స్పీకర్లు, గోడల నిండా రికార్డులు, సిగరెట్టు పొగకు ఏనాడో పసుపెక్కిన కప్పు. వచ్చినవారంతా మా గుడిలో ప్రవచనం వినేవారిలా ఒకే దిక్కుకు తిరిగి కూర్చున్నారు. పక్కన ఒక పెద్దాయన కళ్ళజోడు నుదుటికి తోసి, చిన్న పుస్తకమొకటి చదువుకుంటున్నాడు. చదువూ వినికిడీ ఒకేసారి ఎలా సాగుతాయో నాకు తెలియదు. పుట మాత్రం క్రమం తప్పకుండా తిరిగింది.

ఒక ఆదివారం ఒచానొమిజు, జింబోచో తిరిగాము. రెండూ పక్కపక్కనే. మొదటిచోట పాత రికార్డులు అమ్ముతారు. ప్రతి రికార్డుకూ వెలచీటీ మీద అట్ట స్థితికి ఒక గుర్తు, ప్లేటు స్థితికి వేరొక గుర్తు. ఫలానా చోట గీత ఉన్నది, ఫలానా మూల నలిగింది అని అమ్మేవాడే రాసి పెడతాడు. మూల్యాంకన శిబిరాలలో అంత నిజాయితీగా మార్కులు వేసినవారిని వేళ్ళమీద లెక్కపెట్టగలను. మా వాడు గంటన్నర సేపు నిలబడి అట్టలను ఒక్కొక్కటిగా వెనక్కు వాలుస్తూ చూసి, చివరకు ఏమీ కొనలేదు. కొనకపోవడం కూడా అందులో భాగమేనట.

జింబోచో ఐతే నా రాజ్యం. నూరుకు పైగా పాత పుస్తకాల దుకాణాలు. యాసుకుని వీధికి దక్షిణపు పక్కన ఉన్నవన్నీ ఉత్తరముఖంగా ఉంటాయి, ఎండ పొడ సోకి పుస్తకాలు వివర్ణం కాకుండా. వాస్తు పండితులు విని ఆనందించవచ్చును. 1913లో ఇవనామి షిగెఒ అనే ఆయన బడిపంతులు ఉద్యోగం మానుకుని ఇక్కడ పాత పుస్తకాల కొట్టు పెట్టాడు. బేరాలు లేవు, రాసిన వెలకే అమ్మకం. మరుసటి యేడే నత్సుమే సోసెకి నవల ‘కొకొరొ’ అచ్చువేసి ప్రచురణకర్త అయ్యాడు. ఆ సంస్థ నేటికీ ఉన్నది. ఒక్క అక్షరం చదవలేని పుస్తకాల మధ్య నేను రెండు గంటలు తిరిగాను. వాసన మటుకు వేటపాలెం సారస్వత నికేతనంలో ఉన్నట్లే ఉన్నది.

జూలై మొదటి వారంలో వాసెదా విశ్వవిద్యాలయంలోని మురకామి గ్రంథాలయానికి వెళ్ళాము. ఆయన చదివినది అక్కడే. తన రాతప్రతులు, అనువాద గ్రంథాలు, రికార్డులు ఆ విశ్వవిద్యాలయానికి ఇస్తానని 2018లో ప్రకటించగా, కుమా కెంగొ అనే వాస్తుశిల్పి పాత కట్టడాన్ని మార్చి ఇచ్చారు. 2021 అక్టోబరు 1న తెరిచారు. ఆయన దగ్గర రికార్డులు పదివేలకు పైబడే ఉంటాయట. లోపల అడుగు పెట్టగానే కొయ్య కమానుల కింద మెట్లు దిగుతాయి, ఇరుపక్కలా ఎత్తైన అరలు. మెట్లమీదే కూర్చుని పిల్లలు చదువుకుంటున్నారు. క్రింద కాఫీశాలలో పీటర్ క్యాట్ నాటి పియానో ఉన్నది. ఒక గదిలో రికార్డు పెడతారు, కుర్చీలలో కూర్చుని వినవచ్చును. విన్నాము.

ఆ గదిలో కూర్చున్నంతసేపూ, క్రితం రాత్రి చదివిన వ్యాసమే మనసులో తిరిగింది. మురకామి తన తండ్రిని గురించి 2019లో రాసినది. ఆ తండ్రి చియాకి, ఒక పురోహితుడి కొడుకు, హైకూలు రాసేవాడు, సైనికుడిగా చైనా వెళ్ళి వచ్చినవాడు. యుద్ధంలో పోయినవారి కోసం ప్రతి ఉదయం సూత్రపఠనం చేసేవాడు. తండ్రి ఆశించినంతగా కొడుకు చదవలేదు. పెద్దయిన కొద్దీ దూరం పెరిగి, ఇరవై యేళ్ళకు పైగా ఒకరినొకరు చూసుకోలేదు. 2008లో, తొంభయ్యవ యేట ఆయన పోవడానికి కొద్ది ముందు, ఆసుపత్రిలో కలుసుకున్నారు. చిన్నప్పుడు తండ్రీకొడుకులు సైకిలు మీద ఒక పిల్లిని సముద్రతీరాన వదిలి ఇంటికి వస్తే, వాళ్ళకంటె ముందే అది ఇల్లు చేరి ఎదురు వచ్చిందట. తండ్రి ముఖంలో మొదట ఆశ్చర్యం, తరువాత ఊరట కనిపించాయని రాశాడు.

ఇప్పుడు నా సంగతి. మా వాడు పదవ తరగతి చదివేటప్పుడు, 2000వ సంవత్సరంలో, ఒక అట్టపెట్టె నిండా ఇళయరాజా కేసెట్లు దాచుకున్నాడు. చిల్లర కూడబెట్టి కొన్నవి కొన్ని, ఖాళీ కేసెట్లమీద రికార్డు చేయించినవి కొన్ని. ప్రతిదానిమీదా పాటల పేర్లు గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. నేను వాడిని తెల్లవారుజామున లేపి ‘మనుచరిత్ర’ పద్యాలు వల్లె వేయించేవాణ్ణి. పద్యం నోటికి రాదు కాని పాట మాత్రం చరణాలతో సహా వచ్చేది. పరీక్షల ముందు ఒకనాడు ఆ పెట్టెను అటక ఎక్కించాను. పరీక్షలయ్యాక దించుతానన్నాను. దించలేదు. ఆ శ్రావణంలో పెంకులు జారి అటక కారింది. తెరిచి చూసేసరికి టేపులన్నీ బూజుపట్టి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. వాడు బడికి వెళ్ళిన వేళ చూసి పెట్టెను చెత్తకుండీలో వేసి వచ్చాను. వాడు ఎన్నడూ అడగలేదు. నేను ఎన్నడూ చెప్పలేదు. తరువాత ఇంజనీరింగు, ఉద్యోగం, జపాను. తెలుగు పుస్తకం వాడి అరలో ఒక్కటీ లేదు.

తిరుగు రైలులో ఇద్దరమూ పక్కపక్కనే నిలబడ్డాము. అక్కడ రైళ్ళలో గట్టిగా మాట్లాడరు. బడిలో నలభై మందికి వినిపించేలా మాట్లాడిన గొంతును తగ్గించుకుని, “ఒరేయ్, ఆ కేసెట్లు... అటక మీద పెట్టినవి... తడిసిపోతే నేనే పారేశాను” అన్నాను. ఎన్నో స్టేషన్లు దాటాయో తెలియదు.

“నలభై మూడు” అన్నాడు వాడు, కిటికీలోకి చూస్తూనే.

ఇంకేమీ అనలేదు. ఇల్లు చేరాక యథాప్రకారం భోజనాలు చేశాము. వాడు చరవాణిని పక్క గదిలో పెట్టి వచ్చి, ‘కైండ్ ఆఫ్ బ్లూ’ తీసి, ధూళి తుడిచి, యంత్రం మీద పెట్టి తిప్పాడు. తాను కూర్చోలేదు. “ఇవాళ మీరు పెట్టండి” అన్నాడు. సూది చిటికెన వేలి గోటి కంటె చిన్నది. ముప్పై మూడేళ్ళు సుద్దముక్క పట్టిన చెయ్యి ఆ మీట పట్టుకోగానే వణికింది. అంచున దించవలసిన సూది జారి, నడిమిన ఎక్కడో పడి, గరగరమని గీసింది. మా కోడలు వంటింట్లోనుంచి తొంగి చూసింది.

“పరవాలేదు నాన్నగారూ, మళ్ళీ పెట్టండి” అన్నాడు.

మళ్ళీ పెట్టాను.